లింకు వెనక ఉన్న జేబు ఎవరిది?

విశాఖ గాజువాకలో మా అన్నయ్య ఇంటికి ఎప్పుడు వెళ్లినా ముందు గదిలో ఒక మిక్సీ విప్పి ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆయన మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తున్నాడు. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మా మేనల్లుడు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. తెర మీద ఎవరిదో బ్యాంకు ఖాతా ఫొటో. ఒక్క రోజులో 23 వేలు జమ అయినట్లు అందులో ఉంది. దాని కింద ఒక లింకు.

"ఏడు వేలు కడితే కోర్సు ఇస్తారత్తా. అఫిలియేట్ మార్కెటింగ్ మొత్తం నేర్పుతారు. ఆ తరువాత మనం అమ్మిన ప్రతి కోర్సు మీద 70 శాతం మనకే."

"మనం అమ్మాల్సింది ఏ కోర్సు?"

"ఇదే."

"మన దగ్గర కొన్నవాళ్లు దానితో ఏమి చేస్తారు?"

వాడు కాసేపు ఆలోచించాడు. "వాళ్లూ ఇదే అమ్ముతారు."

ఆ మాట వాడి నోటి నుంచే వచ్చింది కాబట్టి నేను ఇంకేమీ అనలేదు. కానీ ఆ రాత్రి సీతమ్మధారకు తిరిగి వస్తూ బస్సులో అదే ఆలోచించాను. నేను ఎనిమిదేళ్లుగా ఇంటి సామాను గురించి తెలుగులో రాస్తూ, ఆ రాతల కింద పెట్టే లింకుల వల్ల, ఇతరులకు రాసిచ్చే వ్యాసాల వల్ల కొంత సంపాదిస్తున్నాను. ఇందులో డబ్బు ఉందని నాకు అనుభవపూర్వకంగా తెలుసు. ఇదే పేరు చెప్పి జరుగుతున్న మోసాలూ తెలుసు. నిజమైన పనీ, మోసమూ పైకి ఒకే మాటల్లో మాట్లాడతాయి. అందుకే పిల్లలకు తేడా తెలియడం లేదు. తేడా తెలియాలంటే అడగాల్సింది ఒకటే: ఈ రూపాయి ఎవరి జేబులోంచి బయలుదేరింది? ఎందుకు బయలుదేరింది?

అఫిలియేట్ మార్కెటింగ్ అనగానే ఏదో కొత్త విద్య అనిపిస్తుంది గానీ, ఎంవీపీ కాలనీలో అద్దె ఇల్లు చూపించి కమీషన్ తీసుకునే బ్రోకరు పని ఇదే. ఇల్లు అతనిది కాదు, అద్దె అతనికి రాదు. ఇల్లు కావలసినవారిని ఇల్లు ఉన్నవారి దగ్గరకు చేర్చినందుకు కూలి దొరుకుతుంది. ఈ పద్ధతిని ఇంటర్నెట్‌లో పెద్ద ఎత్తున నడిపిన తొలి సంస్థల్లో అమెజాన్ ఒకటి. 1996లోనే ఆ పథకం మొదలుపెట్టింది. మన దేశంలో దాని దుకాణం 2013 జూన్‌లో తెరుచుకున్నాక ఇక్కడివారికీ ఆ అవకాశం వచ్చింది.

బ్రోకరు మనిషిని వెంటబెట్టుకుని వెళ్తాడు కాబట్టి ఎవరు తెచ్చారో ఇంటి యజమానికి తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో ఆ సాక్ష్యం లింకులోనే ఉంటుంది. అమెజాన్ వస్తువుకు ఎవరైనా ఇచ్చిన పొడవాటి లింకును చివరిదాకా చదివి చూడండి. ఒకచోట ట్యాగ్ అనే మాట, సమానం గుర్తు, దాని పక్కన ఆ వ్యక్తి ఎంచుకున్న ఖాతా పేరు, ఒక అడ్డగీత, 21 అనే అంకె కనిపిస్తాయి. మన దేశపు ఖాతాల పేర్లు ఆ 21తోనే ముగుస్తాయి. మీరు లింకు నొక్కగానే ఆ పేరు మీ బ్రౌజర్‌లో కుకీ రూపంలో నమోదవుతుంది. దాన్ని గడువున్న చీటీ అనుకోండి. అమెజాన్‌లో ఆ గడువు 24 గంటలు. ఈలోగా మీరు వస్తువును బుట్టలో వేసుకుంటే, మామూలుగా 90 రోజుల వరకు ఆ వస్తువు మీద చీటీ చెల్లుతుంది. ఈ మధ్యలో మరొకరి లింకు నొక్కితే మొదటి చీటీ పోతుంది.

షరతులు ఇంకా ఉన్నాయి. సొంతానికి కొన్నవి, బంధువులు, స్నేహితుల కోసం కొన్నవి లెక్కలోకి రావు. "మా వాళ్లందరి చేతా నా లింకు మీదే కొనిపిస్తాను" అని మొదలుపెట్టేవారు ముందు ఈ నిబంధన దగ్గరే బోల్తా పడతారు. చేరిన 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు. వస్తువు తిరిగి పంపితే కమీషన్ వెనక్కి పోతుంది. నెల ముగిశాక దాదాపు 60 రోజులకు గానీ డబ్బు చేతికి రాదు. అంటే జనవరిలో అమ్మిన మిక్సీకి కమీషన్ ఏప్రిల్‌కు దగ్గరలో వస్తుంది. ఇంటి అద్దెకు ఈ డబ్బును నమ్ముకోవద్దన్నదే కొత్తగా వచ్చేవారికి నేను మొదట చెప్పే మాట.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించినవే, కానీ నా అనుభవానికి దూరంగా లేవు. మిక్సీల గురించి మీరు రాసింది వెయ్యి మంది చదివారు. అందులో 60 మంది లింకు నొక్కారు. ముగ్గురు 4 వేల రూపాయల మిక్సీ కొన్నారు. కమీషన్ 4 శాతం అనుకుంటే ఒక్కో మిక్సీకి 160 రూపాయలు, మూడింటికి 480. ఒకరు వస్తువు వెనక్కి పంపారు. మిగిలింది 320. వెయ్యి మంది చదివినందుకు 320 రూపాయలు! ఇది తక్కువని నిరుత్సాహపడేవారు ఉంటారు. నాకు మాత్రం అందులో గౌరవం కనిపిస్తుంది. ఇద్దరికి పనికొచ్చే వస్తువు దొరికింది, దుకాణదారు తన లాభంలోంచి నాకు కొంత ఇచ్చాడు, ఎవరి జేబుకూ చిల్లు పడలేదు. రూపాయి ఎక్కడ బయలుదేరిందో, ఎందుకు బయలుదేరిందో స్పష్టంగా ఉంది.

మరి కొందరికి నెలకు వేలల్లో ఎలా వస్తుంది? చదివేవారి సంఖ్య కంటే, వారు ఏ ఘడియలో వచ్చారన్నది ముఖ్యం. కొనాలని నిశ్చయించుకుని, ఏది కొనాలో తేల్చుకోలేక తిరుగుతున్న మనిషికి మీ మాట దొరకాలి. ఆ మాట ఇంకెవరూ చెప్పనిది అయి ఉండాలి. నా రాతల్లో ఎక్కువ ఆదాయం తెచ్చింది టీవీ మీదో ఫోను మీదో రాసింది కాదు. బట్టలు ఆరేసే స్టాండు మీద రాసింది.

పెద వాల్తేరులో మా స్నేహితురాలి బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఆమె రెండేళ్లలో మూడు స్టాండ్లు మార్చింది. మూడూ స్టీలువే, మూడూ అతుకుల దగ్గర ఎర్రబారి తెల్లచీరల మీద మరకలు వేశాయి. కొనేటప్పుడు ప్రతిసారీ అయస్కాంతం పెట్టి చూసిందట. అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలు అనుకుంది. ఆ పరీక్ష వల్ల ఉపయోగం లేదు. చవక సామానులో వాడే 202 రకం స్టీలుకూ అయస్కాంతం సరిగా అంటుకోదు, మెరుగైన 304 రకానికీ అంటుకోదు. తేడా నికెల్‌లో ఉంది. 304లో కనీసం 8 శాతం నికెల్ ఉంటుంది. 202లో అది తగ్గించి మాంగనీస్ కలుపుతారు. ఉప్పుగాలి తగిలేచోట ఆ తేడా అతుకుల దగ్గర ముందు బయటపడుతుంది. సముద్రానికి మరీ దగ్గరైతే మాలిబ్డినం కలిపిన 316 రకం ఇంకా నయం, ధరా ఎక్కువే. నేను ఆ మూడు స్టాండ్ల అతుకులను దగ్గరగా ఫొటోలు తీసి, ఈ సంగతంతా రాశాను. హైదరాబాదులో కూర్చుని రాసేవారికి ఈ అవసరం తట్టదు. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో బాల్కనీ ఉన్న ప్రతి ఇంటికీ అది కావాలి.

హుద్‌హుద్ గుర్తున్నవారికి ఇంకో ఉదాహరణ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు ఇది. ఇన్వర్టరు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న ప్రశ్న ఇక్కడ ఇంటింటి ప్రశ్న. దానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగినవారికి చదివేవారు తప్పకుండా దొరుకుతారు.

ఇప్పుడు మేనల్లుడి కోర్సు దగ్గరకు వద్దాం. ఒక కోర్సును కమీషన్ మీద అమ్మడంలో తప్పేమీ లేదు. ఇంగ్లీషు నేర్పే కోర్సు, కుట్టుపని నేర్పే కోర్సు అలా అమ్ముడవుతున్నాయి. కొన్నవారు కుట్టుపని నేర్చుకుని జాకెట్లు కుడతారు. రూపాయి అక్కడ ఆగి ఒక పనికి వస్తుంది. కోర్సు నేర్పేది ఆ కోర్సును అమ్మడమే అయినప్పుడు రూపాయి ఎక్కడా ఆగదు. మీ 7 వేలు పైవాడి సంపాదన, మీ కింద చేరినవారి 7 వేలు మీ సంపాదన. బయటి నుంచి ఒక్క పైసా లోపలికి రాదు. ఒక్కొక్కరు ముగ్గురిని చేర్చారనుకుంటే 13వ మెట్టు మీద కొత్తగా 15,94,323 మంది కావాలి. అంతవరకు చేరినవారిని కూడా కలిపితే దాదాపు 24 లక్షలు. 2011 జనాభా లెక్కల ప్రకారం విశాఖ నగర జనాభా 17 లక్షల పైచిలుకు. పసిపిల్లలతో సహా ఊరంతా చేరినా ఆ మెట్టు నిండదు. చివర చేరినవారి డబ్బు పోవడం ఈ లెక్కలోనే రాసి ఉంది, వారి బద్ధకం వల్ల కాదు. "నువ్వు కష్టపడలేదు, అందుకే రాలేదు" అని ఆ పిల్లలను నిందించడం చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇలాంటి డబ్బు చలామణీ పథకాలను మన దేశంలో 1978లోనే చట్టం చేసి నిషేధించారు. దుకాణం లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మే డైరెక్ట్ సెల్లింగ్ మీద 2021 డిసెంబరులో వచ్చిన నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను నిషేధిస్తున్నాయి. చేర్చుకోవడానికి డబ్బు అడిగి, మనుషులను చేర్చినందుకే డబ్బు ఇచ్చేది ఏదైనా ఆ కోవలోకే వస్తుంది. అసలైన అఫిలియేట్ పథకంలో చేరడానికి రూపాయి కట్టనక్కరలేదు.

దీనికంటే ప్రమాదకరమైనది టాస్కుల వ్యవహారం. వీడియోకు లైకు కొడితే 50, హోటలుకు మంచి రేటింగు ఇస్తే 100 అంటూ టెలిగ్రామ్‌లో మొదలవుతుంది. మొదట్లో నిజంగానే రెండు మూడు వందలు వేస్తారు. తరువాత "పెద్ద టాస్కు" కోసం 5 వేలు కట్టమంటారు, ఆ తరువాత 20 వేలు, ఆ తరువాత లక్ష. తెర మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, బయటకు తీయబోతే పన్ను కట్టమంటారు. ఆ మొదటి మూడు వందలు ఎవరి జేబులోంచి వచ్చాయి? నిన్న మోసపోయిన ఇంకొకరి జేబులోంచి.

ఈ మోసం అవతలి కొసన ఉన్నది ఎవరో కూడా మన ఊరికి తెలుసు. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, వాళ్ల చేత ఇలాంటి సైబర్ మోసాలు చేయించారు. వాళ్లలో కొందరు అదే నెలలో విశాఖకు తిరిగి వచ్చారు. ఆన్‌లైన్ సంపాదన ఆశతో ఒకడు ఇక్కడ మోసపోతుంటే, ఉద్యోగం ఆశతో ఇంకొకడు అక్కడ బందీ అయి మోసం చేస్తున్నాడు. ఇద్దరూ మన పిల్లలే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకుల మధ్య తిరుగుతున్న సొమ్మును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకోవడం వల్లే చాలామంది నష్టపోతున్నారు.

సృజనాత్మక పని సంగతి వేరు. వీడియో, బొమ్మ, గొంతు, రాత, ఏదైనా సరే, అక్కడ అమ్మేది మన చేతి పని. కానీ మధ్యలో ఉన్నవారి వాటా తెలియకుండా దిగకూడదు. ఇలాంటి విడి పనులు దొరికే ఫైవర్ సైటులో వచ్చిన పనికి ఆ సంస్థ 20 శాతం ఉంచుకుంటుంది. యూట్యూబ్ మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకు ఇస్తుంది, షార్ట్స్‌లో మన వాటా 45 శాతం. ఆ ఆదాయం మొదలు కావాలంటే 1,000 మంది చందాదారులు, వారితో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. తెలుగు వీడియోలను అమెరికాలోని మనవాళ్లు చూస్తే ప్రకటనల రేటు ఎక్కువ పలుకుతుంది. ఆ భాగం మీద అక్కడి పన్ను ఉంటుంది. మన పన్ను వివరాలు సమర్పిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం. అసలు సమర్పించకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోత పడవచ్చు. ఒక్క ఫారం నింపనందుకు అంత పోగొట్టుకోవడం అన్యాయం.

ఇక్కడ నాకు జరిగినది ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక సంస్థకు వంటింటి సామాను గురించి 30 వ్యాసాలు రాసిచ్చాను. వాళ్ల సైటు కోసమని అడిగారు, డబ్బు ఇచ్చారు, కాగితం మీద ఏమీ లేదు. రెండేళ్ల తరువాత ద్వారకానగర్‌లో ఒక దుకాణంలో మిక్సీ కొన్నవారికి ఉచితంగా ఇస్తున్న పుస్తకం చేతికి వచ్చింది. తెరిచి చూస్తే నా వాక్యాలే, నా పేరు మాత్రం లేదు. "డబ్బు తీసుకున్నారు కదా, ఇక మాదే" అన్నారు. నేనూ నిజమేననుకున్నాను. లాయరును కలిశాకే తెలిసింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా బయటి నుంచి రాసిచ్చిన రచనకు తొలి హక్కుదారు రాసినవారే. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే మన దేశానికే అది పరిమితం. ఒక్క ఉత్తరం రాశాం, వాళ్లు పుస్తకానికి విడిగా పారితోషికం చెల్లించారు. అయితే డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం తీసిన ఫొటోలకు, సినిమాలకు చట్టం వేరుగా ఉంది. వేరే ఒప్పందం లేకపోతే అక్కడ తొలి హక్కు తీయించుకున్నవారిది. ఫొటోగ్రాఫర్లు అందుకే ముందుగానే కాగితం మీద రాయించుకోవాలి.

చూసేవారి పట్ల మన బాధ్యతా ఉంది. కమీషన్ వస్తుందన్న సంగతి దాచి సిఫారసు చేయడం బ్రోకరు తానే ఇంటి యజమానినని చెప్పుకోవడం లాంటిది. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. ఆర్థిక సంబంధం ఉంటే అది స్పష్టంగా, చూసేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఇక బెట్టింగ్ యాప్‌లు. అన్నిటికంటే ఎక్కువ కమీషన్ ఆశ చూపేవి అవే. ఎందుకు ఇవ్వగలుగుతాయి? ఆడినవాడు పోగొట్టుకున్న సొమ్మే అది కాబట్టి. వాటిని ప్రచారం చేసినందుకు 2025లో తెలుగు రాష్ట్రాల్లో పలువురి మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది.

పన్ను గురించి రెండు మాటలు. కమీషన్ ఏడాదికి 20 వేలు దాటితే చెల్లించే సంస్థ 2 శాతం ముందే మినహాయిస్తుంది. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. ఆ మినహాయింపుతో పని అయిపోయిందనుకోకుండా రిటర్ను వేయాలి. ఆదాయం తక్కువైతే ఆ డబ్బు వెనక్కి వస్తుంది కూడా.

శివరాత్రి తరువాత మళ్లీ గాజువాక వెళ్లాను. మేనల్లుడు కోర్సు కొనలేదు. కిటికీ పక్కన స్టూలు వేసి, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, వాళ్ల నాన్న చేతులను వీడియో తీస్తున్నాడు. మోటారు తిరుగుతున్నా బ్లేడు తిరగని మిక్సీ జారు అది. అడుగున, మోటారు తిరుగుడును బ్లేడుకు అందించే, అరిగిపోయిన నల్లటి కప్లర్‌ను దగ్గరగా చూపించాడు.

"నాన్నా, ఏ కంపెనీ కప్లర్ కొనమని చెప్పను?"

"ముందే కొనమనకు. జారు అడుగున వేడినీళ్లు పోసి పావుగంట ఉంచమను. చాలావాటిలో పిండి గట్టిపడి బ్లేడు బిగుసుకుపోతుంది, అంతే. అప్పటికీ తిరగకపోతే కొనమను."

వీడియోలో మొదటి రెండు నిమిషాలూ వేడినీళ్లే ఉన్నాయి. కప్లర్ లింకు కింద పెట్టాడు. దాని పైన తెలుగులో ఒక వాక్యం: ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది.